ఆ కుక్క పని ఇక్కడ అమ్మే చేస్తోంది

కామారెడ్డి జిల్లాలో కొన్నాళ్లుగా కుక్క మాట వచ్చిందంటే అది భయంతోనో, కోపంతోనో వచ్చిన మాటే. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. నెల తిరగ్గానే, 2026 జనవరిలో, ఇదే జిల్లా పాల్వంచ మండలంలోని కొన్ని గ్రామాల్లో వీధికుక్కలను చంపించారన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లింది, కేసు నమోదైంది. అంతకుముందు, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబు ప్రాణం తీశాయి. ఆ కుటుంబం నిజామాబాద్ జిల్లా నుంచి బతుకుదెరువు కోసం వెళ్లినదే. ఆ దృశ్యం టీవీలో చూసిన ఏ తల్లీ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇలాంటి చోట, "ప్రత్యేక అవసరాలున్న పసిపిల్లలకు కుక్కను తోడు ఇస్తారట" అని ఎవరైనా అంటే ఎల్లారెడ్డి బస్టాండులో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వుతారు. నవ్వాల్సిందే. కానీ ఆ నవ్వు అయ్యాక ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, అందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ కుక్క ఏమేం పనులు చేస్తుందో చూస్తే, ఆ పనులు మన దగ్గర ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ముందు ఆ కుక్క సంగతే చెప్పుకుందాం. అమెరికాలో కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన మన పెద్దవాళ్లు చెబుతుంటారు చూడండి, "అక్కడ కుక్కలకు కోటు తొడిగి దుకాణాల్లోకి కూడా తీసుకొస్తారమ్మా" అని. ఆ కోటు కుక్కల్లో కొన్నే నిజమైన సర్వీస్ డాగ్‌లు. అంటే వైకల్యం ఉన్న మనిషికి అవసరమైన ఒక పనిని చేసేలా ప్రత్యేకంగా శిక్షణ పొందినవి. ఊరికే ముద్దుగా పెంచుకునేది, పక్కన ఉంటే మనసుకు ధైర్యంగా ఉంటుందని తెచ్చుకున్నది ఆ లెక్కలోకి రావు. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం ఈ తేడా గట్టిగా పాటిస్తుంది. దుకాణం వాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు: ఇది వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పని చేసేలా దీనికి నేర్పారు. సర్టిఫికెట్ చూపమనకూడదు. దాన్ని అడ్డం పెట్టుకుని పెంపుడు కుక్కలకు కోట్లు తొడిగేవాళ్లు అక్కడా తక్కువేం కాదు. అది వేరే కథ.

కళ్లు కనిపించనివారికి దారి చూపే కుక్కలు పాతవే. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం జర్మనీలో 1916లోనే బడి పెట్టారు. పసిపిల్లల కోసం, ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల కోసం కుక్కలను తయారుచేయడం మాత్రం 1990ల చివర్లో కెనడాలో ఊపందుకుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు ఉన్నట్టుండి పరుగు తీస్తారు. రోడ్డు, చెరువు, బావి అని చూడరు. పిలిస్తే వెనక్కి తిరగరు. అలాంటి బిడ్డ నడుముకు ఒక పట్టీ, ఆ పట్టీకి కుక్క. బిడ్డ లాగితే కుక్క కదలకుండా నిలబడిపోతుంది. బిడ్డకు ఊపిరాడనంత గాభరా వచ్చినప్పుడు ఒడిలో బరువుగా పడుకుంటుంది. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని బిడ్డకైతే కింద పడ్డ పెన్సిలు తీసిస్తుంది, తలుపు తోస్తుంది, లైటు వేస్తుంది.

ఇదంతా తల్లిదండ్రుల మురిపెమేనా, నిజంగా ఏమైనా తేడా ఉంటుందా? 2010లో కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు ఆటిజం ఉన్న 42 మంది పిల్లల ఉమ్మి పరీక్షించి చూశారు. పొద్దున లేవగానే ఒంట్లో పెరిగే ఒత్తిడి హార్మోను కుక్క రాకముందు 58 శాతం పెరిగేది. కుక్క ఇంట్లో ఉన్న రోజుల్లో 10 శాతమే పెరిగింది. కుక్కను కొన్నాళ్లు తీసేస్తే మళ్లీ 48 శాతానికి వెళ్లింది. చిన్న అధ్యయనమే, దీన్ని పట్టుకుని ఆటిజం నయమైపోతుందని ఎవరూ అనకూడదు. ఆటిజానికి కుక్క మందు కాదు. అయితే ఇంట్లో పొద్దుటి పూట కాస్త నెమ్మదిగా గడిచిందంటే దాని విలువేమిటో అలాంటి బిడ్డను పెంచుతున్న తల్లికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బడి ఒప్పుకోని కుక్క

అంత చట్టం ఉన్న దేశంలో కూడా కుక్క బడి గేటు దాటడం తేలిక కాలేదు. మిషిగన్ రాష్ట్రంలో ఎహ్లెనా ఫ్రై అనే పాపకు సెరిబ్రల్ పాల్సీ. ఊళ్లో వాళ్లు తలా కొంత వేసుకుని 13 వేల డాలర్లు పోగుచేస్తే, వండర్ అనే కుక్క వచ్చింది. 2009లో, పాపకు అయిదేళ్లప్పుడు, బడివాళ్లు కుక్క వద్దన్నారు. "పాపకు సాయంగా మనిషిని పెట్టాం కదా, ఇంకా కుక్కెందుకు?" అన్నది వాళ్ల వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తల్లిదండ్రుల ఆలోచన వేరు. బాత్రూంకి వెళ్లాలన్నా, కోటు విప్పాలన్నా పెద్దవాళ్ల చెయ్యి కోసం ఎదురుచూస్తూ పెరిగిన పిల్ల, రేపు ఏ పనైనా తనంతట తాను చేసుకోగలనని ఎప్పుడు అనుకుంటుంది?

నెల రోజులు చూద్దామని కుక్కను రానిచ్చి, తరగతి వెనకాల, పాపకు దూరంగా కూర్చోబెట్టారు. ఆ తర్వాత వద్దన్నారు. తల్లిదండ్రులు పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివించారు. కేసు 2017 ఫిబ్రవరి 22న అమెరికా సుప్రీంకోర్టులో తేలింది. ఎనిమిది మంది జడ్జీలూ పాప వైపే నిలిచారు. నిజానికి కోర్టు తేల్చింది కుక్కను రానివ్వాలా వద్దా అన్నది కాదు. ప్రత్యేక విద్య కమిటీల చుట్టూ ముందు తిరిగి రాకపోతే కోర్టుకు రాకూడదన్న అడ్డు ఇలాంటి కేసుకు చెల్లుతుందా అన్నది. జస్టిస్ కాగన్ ఒక చక్కని కొలత చెప్పారు. ఇదే పాపను ఊరి గ్రంథాలయంలోకి కుక్కతో రానివ్వకపోతే ఆమె ఫిర్యాదు చేయగలదా? ఇదే బడికి వచ్చిన వైకల్యం ఉన్న పెద్దమనిషి ఇదే ఫిర్యాదు చేయగలడా? చేయగలిగితే అది చదువు గొడవ కాదు, వివక్ష గొడవ. ఆ తేడా మనకూ పనికొస్తుంది. మన బడుల్లో "ఈ పిల్లాడికి మేం చదువు చెప్పలేమమ్మా" అని తిప్పి పంపుతున్నారంటే, అందులో నిజంగా చదువు చెప్పలేకపోవడం ఎంత, గేటులోంచి రానివ్వకపోవడం ఎంత?

మన చట్టంలో కుక్క లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ విడిగా పేరుపేరునా చేరాయి. పిల్లవాడికి ఏది అవసరమో దాన్నిబట్టి బడి సర్దుబాటు చేసుకోవాలని 16వ సెక్షన్ చెబుతుంది. ఎవరైనా గట్టి లాయరు నిలబడితే ఆ సర్దుబాటు అన్న మాటలో కుక్కను కూడా ఇరికించొచ్చేమో. కానీ వాచ్‌మన్ దగ్గర లాయరు ఉండడు. "కుక్కలను లోపలికి రానియ్యమమ్మా" అంటాడు, అంతే. పైగా బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కలను తొలగించమని మన సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. ఆ ఆదేశం వీధికుక్కల గురించే. శిక్షణ ఉన్న కుక్కకూ వీధికుక్కకూ తేడా చట్టమే రాసిపెట్టనప్పుడు, గేటు దగ్గర నిలబడ్డవాడు ఏం చూసి విడదీస్తాడు?

ఖర్చు మాటకొద్దాం. ఆ 13 వేల డాలర్లు ఇప్పటి లెక్కలో పది లక్షల రూపాయలు దాటుతాయి. పిల్లగా ఏడాది, ఏడాదిన్నర ఒక ఇంట్లో పెంచి, మనుషుల మధ్య మెలగడం నేర్పి, తర్వాత నెలల తరబడి పని నేర్పి, దాదాపు రెండేళ్ల వయసులో బిడ్డకు జత చేస్తారు. ఎనిమిదీ పదేళ్లు పనిచేస్తుంది. మొదలుపెట్టిన కుక్కలన్నీ పనికి రావు, కొన్ని మధ్యలోనే తప్పుకుంటాయి. ఎక్కువగా వాడేది లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులు. దట్టమైన బొచ్చున్న ఆ కుక్కను మే నెల మధ్యాహ్నం ఎల్లారెడ్డి తారురోడ్డు మీద నడిపిస్తే దాని అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.

ఇంకోటి, ఎవరూ పెద్దగా చెప్పనిది. పసిపిల్లల విషయంలో ఆ కుక్కను నడిపేది బిడ్డ కాదు, తల్లి. కుక్కకు ఆజ్ఞలిచ్చేది, తిండి పెట్టేది, బయటికి తిప్పేది, ఎత్తి శుభ్రం చేసేది, టీకాలకు తీసుకెళ్లేది అన్నీ ఆమే. బిడ్డను ఒక చేత్తో, కుక్కను ఇంకో చేత్తో పట్టుకున్న తల్లికి మూడో చెయ్యి ఎక్కడిది? విదేశీ పత్రికల్లో వచ్చే అందమైన ఫొటోల్లో ఆ తల్లి మొహం ఎప్పుడూ పక్కనే ఎక్కడో మసగ్గా ఉంటుంది.

మన దేశంలో ప్రస్తుతం అందేది ఇంకాస్త చిన్న సాయం. ముంబైలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ 2005 నుంచి శిక్షణ ఉన్న కుక్కలతో పిల్లలకు థెరపీ చేయిస్తోంది. చెన్నైలో సరస్వతీ కేంద్రం బడిలో, బ్లూక్రాస్ వాళ్ల సాయంతో, కుక్కల దగ్గర కూర్చుని పిల్లలు మాట్లాడటం, చదవడం అలవాటు చేసుకున్నారు. ఈ పద్ధతిలో కుక్క ఎవరిదో, వాళ్లతో వస్తుంది, గంట ఉంటుంది, వాళ్లతోనే వెళ్లిపోతుంది. ఇంటికి భారం లేదు. కొత్తవాళ్లను చూస్తేనే బెదిరే బిడ్డ ముందు కుక్క చెవి పట్టుకుని, తర్వాత కుక్కను తెచ్చినావిడ చెయ్యి పట్టుకుంటాడు. సర్వీస్ డాగ్‌లను చూసి కలలు కనేకంటే నెలకోసారి ఇలాంటి కుక్క ఒక జిల్లా కేంద్రానికి వచ్చేలా చేయడం మనకు చేతనయ్యే పని అని నాకు అనిపిస్తుంది. మడి ఉన్న ఇళ్లకు, నమాజు చేసుకునే ఇళ్లకు కూడా ఇబ్బంది ఉండదు.

కొంగుకు కట్టుకున్న బిడ్డ

ఇప్పుడు ఆ కుక్క పనుల జాబితా మళ్లీ చూడండి. పరుగెత్తే బిడ్డను ఆపడం. రాత్రి లేస్తే తెలుసుకోవడం. గాభరా పడితే ఒళ్లోకి తీసుకుని అదమడం. పడిపోతే పట్టుకోవడం. బడి దాకా తోడు వెళ్లడం. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో ఇవన్నీ జీతం లేకుండా, సెలవు లేకుండా చేస్తున్నది తల్లి. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఆమె ఒళ్లో బీడీల చాట ఉంటుంది. రోజుకు వెయ్యి బీడీలు చుడితేనే కూలి లెక్క. పక్కన బిడ్డ. నడుముకు చీర కొంగుతో ముడి. విదేశాల్లో పట్టీ కట్టి కుక్కకు అప్పగించినదాన్ని ఇక్కడ కొంగుకు కట్టుకుంటున్నారు, అంతే తేడా.

"ఎప్పుడు ఉరుకుతడో తెల్వదక్కా, తలుపుకు గొళ్లెం పెట్టే పని చేసుకుంట" అనే మాట ఇక్కడ కొత్త కాదు. బిడ్డను గదిలో పెట్టి గొళ్లెం పెట్టే తల్లిని చూసి కసాయిదని అనేసే మనుషులున్నారు. ఆ గొళ్లెం తీసి బిడ్డను గంటసేపు చూసుకునే మనిషి మాత్రం ఆ వాడలో ఒక్కరూ ముందుకు రారు. అత్తగారు ఉంటే ఆమెకు మోకాళ్ల నొప్పులు, పెద్ద పిల్ల ఉంటే దాని చదువు ఆగిపోతుంది. వైకల్యం ఉన్న తమ్ముడి కోసం బడి మానేసిన అక్కలు ఎంతమందో ఏ లెక్కలోనూ రాదు.

ఉద్యోగం చేసే తల్లి పరిస్థితి కొంత నయం అనుకుంటాం. హిమాచల్ ప్రదేశ్‌లో షాలినీ ధర్మాని అనే ప్రభుత్వ కాలేజీ అధ్యాపకురాలి కొడుకుకు ఎముకలు పెళుసుగా ఉండే జన్యు జబ్బు. సెలవులన్నీ అయిపోయాయి, పిల్లల సంరక్షణ సెలవు అడిగితే ఇవ్వలేదు. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, ఆ సెలవు దయాదాక్షిణ్యం కాదు, ఉద్యోగాల్లో ఆడవాళ్లు నిలబడాలంటే రాజ్యాంగం కోరేదే అని చెప్పింది. మంచిమాట. బీడీలు చుట్టే తల్లి ఎవరిని సెలవు అడగాలి?

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఆరేళ్లలోపు వైకల్యం ఉన్న పిల్లలు 20 లక్షల పైచిలుకు తేలారు. ఆ లెక్క పాత వైకల్యాల జాబితాతో తీసినది, ఇప్పుడు తీస్తే ఇంకా పెరుగుతుంది. చిత్రం ఏమిటంటే చట్టం ఉచిత చదువుకు హామీ ఇచ్చేది ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా. డాక్టర్లేమో మొదటి ఆరేళ్లే కీలకం, అప్పుడు నేర్పిందే నిలుస్తుందంటారు. ఆ ఆరేళ్లూ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది? తల్లి, అంగన్‌వాడీ టీచరు. దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు కేంద్రం 2023 నవంబరు 28న ఒక విధివిధానం విడుదల చేసింది. ఏయే వయసుకు బిడ్డ ఏం చేయాలో, చేయకపోతే ఎవరి దగ్గరికి పంపాలో అందులో ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. మీ ఊరికి వచ్చిందా అని అడిగి చూడండి. వచ్చిన రోజున మీ బిడ్డ అక్కడ ఉన్నాడా? "వాడు గోల చేస్తడు, ఇంట్లనే ఉంచు" అని ఆ రోజే ఇంటి దగ్గర ఆపేస్తారు. పరీక్ష ఎవరికోసమో వాడే రాడు.

మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ ఆటపాటలతో నేర్పుతారు, ఫిజియోథెరపీ రోజులుంటాయి, కదల్లేని పిల్లల ఇంటికి టీచరే వెళ్లాలి. కాగితం మీద చక్కని ఏర్పాటు. అయితే నాలుగైదు కిలోమీటర్ల అవతలి తండా నుంచి బిడ్డను అక్కడికి ఎవరు తీసుకురావాలి? మళ్లీ తల్లే. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. చేతిలో పైసా లేకపోయినా బయల్దేరొచ్చు, నిజమే. కానీ కిక్కిరిసిన బస్సు అంటే ఆటిజం ఉన్న బిడ్డకు నరకం. హారన్లు, చెమట, తోపులాట. చెవులు మూసుకుని కేకలు పెడతాడు. "పిలగానికి ఏమైందమ్మా, దెయ్యం బట్టిందా?" అని ఒకరు, "గారాబం జేస్తే గిట్లనే" అని ఇంకొకరు. మూడో స్టాపులో దిగిపోయి ఇంటికి నడిచొచ్చేసిన తల్లి మళ్లీ వారం థెరపీకి వెళ్తుందా?

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పెద్ద సలహా కావాలంటే ఇప్పటికీ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌కే చూడాలి. మానసిక వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అక్కడ ఉంది. బిడ్డను చూసి, ఇంట్లో రోజూ ఏం చేయించాలో తల్లికే నేర్పి పంపుతారు. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణమైనా ఒకసారి వెళ్లి రావాల్సిన చోటు. 2025 ఆగస్టు చివరి వానలకు ఈ జిల్లాలో రోడ్లు తెగి, రైలు కట్ట కోసుకుపోయినప్పుడు ఆ దారీ మూసుకుపోయింది. పిల్లల థెరపీ సంగతి ఆ రోజుల్లో ఎవరికి గుర్తుంటుంది!

బడి టీచర్ల విషయంలో కొంత కదలిక ఉంది. ప్రత్యేక విద్య టీచరు ప్రాథమిక బడుల్లో పదిమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. పోస్టులు ప్రకటించి భర్తీ చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలన్నిటినీ మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీ 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు ఇచ్చారు. బడికొకరు కాదు, మండలానికి ఒకరిద్దరు వస్తే గొప్ప.

పింఛను గురించి కూడా చెప్పుకోవాలి. వైకల్యం 40 శాతం ఉందని సర్టిఫికెట్ వస్తే బిడ్డ పేరు మీద పింఛను వస్తుంది. 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలకు పెంచారు. చిన్నపిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి కొన్నేళ్లకు మళ్లీ రమ్మంటారు, ఆ తేదీ మర్చిపోతే పింఛను ఆగుతుంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. థెరపీ ఖర్చు కూడా అందులో కొంత వస్తుంది. దీని గురించి ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువ.

ఇంట్లో మామూలు కుక్కపిల్లను తెచ్చి పెంచితే సరిపోదా అని కొందరు అడుగుతారు. బిడ్డకు కుక్కంటే ఇష్టం ఉండి, ఇంట్లో ఇంకో పెద్దమనిషి దాని బాధ్యత తీసుకుంటే పెంచుకోండి. టీకాలు తప్పకూడదు. నొప్పి చెప్పుకోలేని బిడ్డను, తోక పట్టి లాగితే ఊరుకోని కుక్కను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. పన్ను గాటు చిన్నదైనా సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పరుగెత్తే బిడ్డను ఈ కుక్క ఆపుతుందని మాత్రం ఎవరూ నమ్ముకోవద్దు. ఆ పని నేర్పిన కుక్క వేరు.

మరి అడగాల్సింది ఏమిటి? సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు రవాణా భత్యం, వెంట వచ్చే మనిషికి ఎస్కార్టు భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండు ఉన్నాయి. ఎస్కార్టు అంటే ఇంకెవరు, బిడ్డ వెంట నడిచే మనిషి. అక్కడ కుక్క చేసే పనికి ఇక్కడ సర్కారు పెట్టిన పేరది. ఆ భత్యం మీ బిడ్డ పేరు మీద ఉందా, ఏ ఖాతాలో పడుతోంది, ఏడాదిగా ఎన్నిసార్లు పడింది అన్నది మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే చెప్పాలి. నోటితో అడిగితే "రేపు రామ్మా" అంటారు, కాగితం మీద రాసి ఇచ్చి రశీదు తీసుకోండి. ఒక్కరు వెళ్తే ఒక మాట, భవిత కేంద్రం దగ్గర కలిసే నలుగురు తల్లులు కలిసి వెళ్తే ఇంకో మాట. బిడ్డలను ఆ గంటసేపు ఎవరు చూస్తారంటారా? వెంట తీసుకెళ్లండి. ఆ ఆఫీసువాళ్లూ ఒక గంట చూడనీ.